ఆ వ్యాను చుట్టూ నిలబడ్డవాళ్ళ తరఫున

2025 ఫిబ్రవరిలో అమెరికా సైనిక విమానం 104 మందిని బేడీలతో తీసుకొచ్చి అమృత్‌సర్‌లో దింపినప్పుడు మన తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఏం నడిచిందో చాలామంది చూసే ఉంటారు. బేడీలు వెయ్యడం అన్యాయం అన్నవాళ్ళు ఉన్నారు. అసలు పంపించడం గురించి ప్రశ్న వేసినవాళ్ళు మాత్రం నా కంటికి పెద్దగా కనపడలేదు. "దొంగదారిలో వెళ్ళారు, పట్టుకుని పంపారు, ఇందులో ఏడవడానికేముంది" అన్నదే అందరి మాట. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో మేముండే చోట తెలుగువాళ్ళ గ్రూపులో ఒకాయన (మంచివాడే, ఎవరు ఇల్లు మారుతున్నా ట్రక్కు వేసుకుని వచ్చి సామాను మోసే మనిషి) ఇంకాస్త ముందుకెళ్ళి, "ఈ పంజాబీలకి ఇది కొత్తా? ఇక్కడే సర్రేలో ఒకణ్ణి పంపనివ్వకుండా ఎయిర్‌పోర్టుకే అడ్డం పడ్డారు, చట్టమంటే లెక్కలేదు" అని రాశాడు. బొటనవేళ్ళు బోలెడు పడ్డాయి.

ఆ కేసు గురించి నేను ఈ ఊరికి వచ్చినప్పటి నుంచీ వింటూనే ఉన్నాను, దొరికినంత చదివాను కూడా. నా అభిప్రాయం ఆయన అభిప్రాయానికి సరిగ్గా ఎదురు. గ్రూపులో రాస్తే రెండో లైనుకే గొడవవుతుంది, మూడో లైనుకి ఎవరో ఒకరు గుడ్ మార్నింగ్ ఫొటో పెడతారు. అందుకని ఇక్కడ రాస్తున్నా.

ముందు కథ క్లుప్తంగా. పంజాబ్ నుంచి ఒక సిక్కు కూలీ 2003లో దొంగ పాస్‌పోర్టుతో కెనడా చేరి, మిలిటెంట్లతో సంబంధాలు అంటగట్టి పోలీసులు వేధిస్తున్నారని చెప్పి శరణు కోరాడు. నమ్మలేదు, కొట్టేశారు. 2006లో రక్తనాళం దెబ్బతిని ఒళ్ళు చచ్చుబడిపోయింది. 2007 జులైలో పంపించేసే సమయం దగ్గరపడ్డప్పుడు ఆయన అబాట్స్‌ఫర్డ్‌లోని కల్గీధర్ దర్బార్ గురుద్వారాలో ఆశ్రయం తీసుకున్నారు. ఆగస్టులో చికిత్స కోసం బయటికి వస్తే బోర్డర్ అధికారులు అదుపులోకి తీసుకున్నారు, గొడవ జరిగాక కొంతకాలానికి వాయిదా వేశారు. డిసెంబరు 10న వాంకూవర్ ఎయిర్‌పోర్టుకి ఆయన్ని తెచ్చిన టాక్సీ వ్యాను చుట్టూ వెయ్యిమందికి పైగా జనం నిలబడిపోయారు. ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, టాక్సీ డ్రైవర్లు, వీళ్ళతోపాటు 'నో వన్ ఈజ్ ఇల్లీగల్' లాంటి సంఘాల కుర్రకారు. అధికారులు ఆ రోజుకి వెనక్కి తగ్గారు. అది అంతర్జాతీయ మానవ హక్కుల దినం కూడా. తర్వాత ఆయన సర్రేలోని గురునానక్ గురుద్వారాకి మారారు. 2008 జనవరి 9న ఇంకా తెల్లవారకముందే అధికారులు అక్కడికి వెళితే మళ్ళీ వందల మంది తలుపు దగ్గర ఉన్నారు. మళ్ళీ వెనక్కి. ఆ ఏడాది డిసెంబరులో ఆయన తనంతట తానే ఇండియా వెళ్ళిపోయారు.

ఆయన పేరు అప్పట్లో కెనడా పేపర్లన్నిటిలోనూ వచ్చింది. అయినా ఇక్కడ రాయను. మంచంలో ఉన్న మనిషిని అన్ని కెమెరాల ముందు పెట్టింది చాలు.

ఇంకొకటి కూడా ముందే చెప్పేస్తాను. ఆ సర్రే గురుద్వారా పేరు 2023 తర్వాత మన పేపర్లలో పూర్తిగా వేరే కారణంతో (నిజ్జర్ హత్య) కనపడుతోంది. ఆ గొడవ వేరు, దాన్ని తెచ్చి ఈ మనిషి నెత్తిన రుద్దకండి.

మంచం మీది మనిషికి ఆశ్రయం అంటే

గుడిలోనో చర్చిలోనో దాక్కున్న మనిషిని పట్టుకోకూడదని కెనడా చట్టంలో ఎక్కడా లేదు. అధికారులు లోపలికి వెళ్ళరు, అంతే. అది చట్టం కాదు, ఒక మొహమాటం. 2004లో క్యూబెక్ సిటీలో ఒక చర్చిలోకి పోలీసులు వెళ్ళి అల్జీరియా మనిషిని లాక్కొచ్చారు, అంటే ఆ మొహమాటానికీ హద్దుంది. వాంకూవర్‌లోనే ఒక ఇరాన్ మనిషి రెండున్నరేళ్ళకు పైగా చర్చిలో ఉండిపోతే చివరికి 2007 మొదట్లో ఆయనకి ఇక్కడే ఉండటానికి దారి దొరికింది. కాబట్టి ఆశ్రయం అనేది ఒక రకంగా ఓపిక పందెం. లోపలున్నవాడు ముందు విసిగిపోతాడా, బయటున్న ప్రభుత్వం ముందు విసిగిపోతుందా అన్నదే తేలాలి.

ఈ పందెంలో లోపలున్నవాడి ఆరోగ్యం బాగుండాలన్నది ఎవరూ పైకి చెప్పని షరతు. నడవగలిగినవాడు చర్చి నేలమాళిగలో మూడేళ్ళు ఎలాగోలా ఉంటాడు. ఒళ్ళు చచ్చుబడినవాడికి రెండు గంటలకోసారి పక్క మార్చాలి, లేకపోతే పడక పుండ్లు పడతాయి. ఆ పుండు ముదిరితే ఆస్పత్రికి వెళ్ళాలి. ఆస్పత్రి గురుద్వారా గడపకి అవతల ఉంది. ఆగస్టులో జరిగింది అదే. ఆశ్రయం ఆయన్ని కాపాడాలంటే ఆయన జబ్బు పడకుండా ఉండాలి, ఆయన అక్కడికి వచ్చిందేమో జబ్బు పడబట్టి.

మా పెదనాన్నకి పక్షవాతం వచ్చి తెనాలి దగ్గర పల్లెలో చాలాకాలం మంచంలో ఉన్నాడు. ఇంట్లో పెద్దమ్మ, ఇద్దరు కోడళ్ళు, పాలేరు, చుట్టుపక్కల వాళ్ళు, ఇంతమంది ఉండి కూడా ఆ ఇల్లు నలిగిపోయింది. వాటర్ బెడ్డు తెప్పించారు, అయినా నడుం దగ్గర పుండు పడింది. పెద్దమ్మ రాత్రిళ్ళు అలారం పెట్టుకుని లేచేది. పెళ్ళిళ్ళకి వెళ్ళడం మానేసింది, చివరికి మనుషులతో మాట్లాడటం కూడా తగ్గించేసింది. సొంత మనిషికే అంత కష్టం. అలాంటిది చుట్టం కానివాణ్ణి, తమ ఊరివాడు కూడా కానివాణ్ణి తమ గుడిలో పెట్టుకుని నెలల తరబడి చూసుకున్నారంటే, ఎయిర్‌పోర్టు దగ్గర నినాదాల కంటే నాకు ఇదే పెద్ద నిరసనగా కనపడుతుంది. టీవీకి ఎక్కింది మాత్రం ఎయిర్‌పోర్టు.

ఇందులో నాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. ఆయన దళితుడని మద్దతుదారుల ప్రకటనల్లో ఉంది. సిక్కు మతంలో కులం లేదని గ్రంథం చెబుతుంది, లంగర్‌లో (గురుద్వారాలో పెట్టే ఉచిత భోజనంలో) అందరూ ఒకే వరసలో కూర్చుంటారు, అదంతా నిజమే. కానీ ఆయన కెనడా వచ్చిన 2003లోనే జలంధర్ దగ్గర తల్హన్ అనే ఊళ్ళో గుడి కమిటీలో తమకీ చోటు కావాలని దళితులు అడిగితే జాట్లతో పెద్ద గొడవ జరిగి కర్ఫ్యూ దాకా వెళ్ళింది. ఇక్కడ బర్నబీలో రవిదాసీలకి (గురు రవిదాస్‌ని కొలిచే దళితులకి) విడిగా గుడి ఉంది, ఎందుకుందో మన ఊళ్ళు తెలిసినవాళ్ళకి వివరించక్కర్లేదు. మరి అలాంటి సమాజం ఒక దళిత కూలీ కోసం ఎయిర్‌పోర్టుకి కదిలిందంటే దాన్ని ఎలా అర్థం చేసుకోవాలి? పరాయి దేశంలో కులం పలచబడిందనా, లేక పరాయి ప్రభుత్వం ముందు అందరూ ఒకటే 'పంజాబీ' అయిపోయారనా? రెండోదే ఎక్కువ నిజమని నా అనుమానం. అదే మనిషి మామూలుగా ఆరోగ్యంగా ఉండి, ఆ జనంలో ఎవరింటికైనా సంబంధం అడగడానికి వెళ్ళుంటే ఏమయ్యేదో చెప్పలేను. అయినా వాళ్ళు చేసిన పనిని ఆ అనుమానం చిన్నబుచ్చదు. మనుషులు అన్ని విషయాల్లోనూ మంచివాళ్ళయ్యేదాకా ఒక మంచి పనిని లెక్కలోకి తీసుకోకూడదంటే ఎవరి పనీ మిగలదు.

"దొంగ పాస్‌పోర్టు కదా"

ఇక అసలు అభ్యంతరాలకి వద్దాం. నా ఆఫీసులో ఒక పంజాబీ సహోద్యోగి ఉన్నాడు, అతని నాన్న 70లలో వచ్చి సామిల్లులో పనిచేశాడు. ఈ కేసు ఎత్తితే చాలు అతనికి కోపం వస్తుంది. "మా నాన్న లైన్లో నిలబడి వచ్చాడు. మా అమ్మని తెచ్చుకోవడానికి ఎన్నేళ్ళు ఆగాడో తెలుసా? వీడు దొంగ కాగితాలతో వచ్చి, కేసు ఓడిపోయి, ఉచితంగా వైద్యం చేయించుకుని, పైగా మా అందరి పరువూ తీశాడు." అప్పట్లో కూడా పంజాబీల్లోనే ఇలా అన్నవాళ్ళు తక్కువేం లేరు. సమాజమంతా ఒక్కటై నిలబడింది అని రాయడం బాగుంటుంది గానీ నిజం కాదు.

దొంగ పాస్‌పోర్టు సంగతి తేలిక. ప్రాణభయంతో పారిపోయేవాడు అక్రమంగా దేశంలోకి వచ్చాడని శిక్షించకూడదని 1951 శరణార్థుల ఒప్పందమే చెబుతుంది, కెనడా కూడా అందులో ఉంది. ఎవరినుంచి పారిపోతున్నాడో ఆ ప్రభుత్వం దగ్గరికే వెళ్ళి పాస్‌పోర్టు, ఆపైన వీసా తెచ్చుకో అనడంలో అర్థం లేదు కాబట్టే ఆ నియమం.

"కేసు ఓడిపోయాడు కదా" అన్నది అంత తేలిక కాదు. ఓడిపోయినవాళ్ళనీ పంపకపోతే ఇక కేసు వినడమెందుకు? ఇది నన్ను కూడా చాలా ఇబ్బంది పెట్టింది. ఆయన చెప్పింది నిజమని నేను ప్రమాణం చేసి చెప్పలేను. పంజాబ్‌లో పోలీసులు మనుషుల్ని మాయం చేశారన్నది మాత్రం కట్టుకథ కాదు. అమృత్‌సర్ జిల్లాలో రహస్యంగా తగలబెట్టిన శవాల లెక్క బయటపెట్టిన జస్వంత్ సింగ్ ఖాల్రాని 1995 సెప్టెంబరులో పట్టపగలు ఇంటి ముందు నుంచి ఎత్తుకుపోయారు, ఆయన మళ్ళీ కనపడలేదు. సీబీఐ లెక్కలోనే అలాంటి దహనాలు 2,097. ఖాల్రా కేసులో పోలీసులకి శిక్ష పడింది కూడా. కానీ 2003 నాటికి ఆ రోజులు చాలావరకు గడిచిపోయాయి, భయం పేరు చెప్పుకుని బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళూ ఉన్నారు. ఈయన ఏ రకం? శరణార్థి కేసులు వినే బోర్డు ఒక నిర్ణయానికి వచ్చింది.

ఆ బోర్డు ఎలా నిర్ణయించేదో చూడండి. 2002లో అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, అప్పటిదాకా ఇద్దరు సభ్యులు వినే కేసుని ఒక్కరికే అప్పగించింది. ఒక్కరైతే పొరపాటు జరగొచ్చు కదా, అందుకని అప్పీలు విభాగం కూడా పెడతామని అదే చట్టంలో రాసుకున్నారు. రాసి, అమలు చేయడం ఆపేశారు. ఆ అప్పీలు విభాగం తలుపులు తెరిచింది 2012 డిసెంబరులో. అంటే పదేళ్ళ పాటు ఒక్క మనిషి "నాకు నమ్మకం కలగలేదు" అంటే, వాస్తవాలని మళ్ళీ తిరగతోడి చూసే చోటు లేదు. ఫెడరల్ కోర్టుకి వెళ్ళొచ్చు గానీ దానికి కోర్టే అనుమతివ్వాలి, అక్కడ చూసేది కూడా నిర్ణయం తీసుకున్న పద్ధతిని. సరిగ్గా ఆ పదేళ్ళ మధ్యలో ఈయన కేసు పడింది. కాబట్టి "చట్టం తన పని తాను చేసింది, గుంపు అడ్డుపడింది" అంటే నేను ఒప్పుకోను. చట్టం తన పనిలో సగం చేసి మిగతా సగం బీరువాలో పెట్టింది.

జనం ఏం రుజువు చేశారు

నేను అసలు చెప్పాలనుకున్నది ఇది. శరణార్థి కేసు ఓడిపోయినవాళ్ళకి కెనడాలో ఇంకో దారి ఉంది, మానవతా కారణాల మీద పెట్టుకునే దరఖాస్తు. చట్టంలో 25వ సెక్షను. మంత్రి తలుచుకుంటే చాలా అడ్డంకుల్ని పక్కన పెట్టి ఉండనివ్వచ్చు. అందులో అధికారి చూసేవి ఏమిటంటే, ఈ మనిషి ఇక్కడ ఎంత స్థిరపడ్డాడు, ఇక్కడి మనుషులతో ఎలాంటి బంధాలున్నాయి, పంపేస్తే ఎంత కష్టపడతాడు. దీనికి మామూలుగా జనం ఇచ్చే కాగితాలు మనందరికీ తెలుసు. జీతం స్లిప్పులు, ఇంటి అద్దె ఒప్పందం, పిల్లల స్కూలు సర్టిఫికెట్లు, గుడిలో వాలంటీరుగా చేశానని ఉత్తరం, పక్కింటివాళ్ళ ఉత్తరం.

ఇప్పుడు, పని చేయలేని, కుటుంబం పక్కన లేని, ఒళ్ళు కదలని మనిషి ఇక్కడ తనకి బంధాలున్నాయని ఎలా చూపిస్తాడు? జీతం స్లిప్పు లేదు. పిల్లలు పంజాబ్‌లో. ఆయనకి మిగిలిన ఒకే ఒక్క రుజువు, ఆయన కోసం చలిలో నిలబడటానికి ఎవరైనా వస్తారా అన్నది. వచ్చారు. డిసెంబరు 10న ఆ వ్యాను చుట్టూ నిలబడ్డ వెయ్యిమందీ ఆయన దరఖాస్తుకి జత చేయాల్సిన కాగితాలే. చట్టం ఏ ప్రశ్న అడుగుతోందో దానికే జవాబు చెప్పారు. అక్కడున్న అధికారులకి అది శాంతిభద్రతల సమస్యలా కనపడింది. వాళ్ళని తప్పుపట్టను, వాళ్ళ పని అది. కానీ పైన రాజధాని ఒట్టావాలో కూర్చున్న మంత్రులకి అది ఫైలులో చేర్చాల్సిన సాక్ష్యంలా కనపడి ఉండాల్సింది.

ఖర్చు సంగతి కూడా ఇందులోదే. జబ్బు మనిషి ప్రభుత్వ వైద్యానికి భారమన్నది చాలామంది పళ్ళు కొరుకుతూ అన్న మాట, నా సహోద్యోగితో సహా. నిజంగానే కెనడా వలస చట్టంలో వైద్యానికి 'మితిమీరిన భారం' అయ్యేవాళ్ళని కాదనే నియమం ఉంది. శరణార్థిగా ఒప్పుకుంటే ఆ నియమం వర్తించదు, ఒప్పుకోకపోతే మీద పడుతుంది. ఆయన ఖర్చు మేం చూసుకుంటామని మద్దతుదారులు అన్నారు. వాళ్ళ మాట ఎంతకాలం నిలబడేదో అని అనుమానించవచ్చు, నేనూ అనుమానిస్తాను, విరాళాల పెట్టె మొదటి నెల నిండినట్టు పన్నెండో నెల నిండదు. కానీ డబ్బు ఒక్కటే కాదుగా మోయాల్సింది. రెండు గంటలకోసారి పక్క మార్చేదీ, తినిపించేదీ, శుభ్రం చేసేదీ ఎవరు? గురుద్వారాలో ఉన్న కాలమంతా వాళ్ళే. మోస్తున్నవాళ్ళు మోస్తామంటుంటే, చేయి వెయ్యని మనం "అబ్బో బరువు" అనడం ఏం న్యాయం?

"అందరూ ఇలా అడ్డం పడితే ఏ దేశమైనా నడుస్తుందా" అంటారు. అందరూ పడరు. కెనడా ఏటా వేలమందిని పంపిస్తుంది, ఎన్నిసార్లు ఎయిర్‌పోర్టు ఆగింది చెప్పండి. పని మానుకుని, పిల్లల్ని ఎవరికో అప్పజెప్పి, పోలీసులు పట్టుకుంటే తమ పౌరసత్వం దరఖాస్తు ఏమవుతుందోనని టెన్షన్ పడుతూ వచ్చి నిలబడటం ఊరికే జరిగే పని కాదు. ఆ రోజు విమానం ఆలస్యమై ఎవరి చావుకో పెళ్ళికో అందుకోలేకపోయినవాళ్ళు ఉండే ఉంటారు, వాళ్ళ కోపంలోనూ న్యాయముంది. అది నేను దాటవెయ్యను. దాన్ని దాటించే లెక్క కూడా నా దగ్గర లేదు.

ఎవరూ రానివాళ్ళు

నా వాదనకి అన్నిటికంటే గట్టి దెబ్బ వేరే వైపు నుంచి వస్తుంది, చట్టం పేరుతో మాట్లాడేవాళ్ళ నుంచి కాదు. జనమే సాక్ష్యమైతే, జనం లేనివాడి మాటేమిటి?

అదే ఎయిర్‌పోర్టు. అదే సంవత్సరం. ఆ డిసెంబరుకి రెండు నెలల ముందు, 2007 అక్టోబరు 14న, రాబర్ట్ జికాన్‌స్కీ అనే పోలండ్ మనిషి వాంకూవర్ ఎయిర్‌పోర్టులో చనిపోయాడు. తల్లి దగ్గర ఉండిపోదామని వచ్చాడు, చట్టబద్ధంగానే. ఇంగ్లీషు ముక్క రాదు. గంటల తరబడి లోపలే తిరిగాడు, తల్లి బయట ఎదురుచూసి, లోపల లేడంటే ఇంటికి వెళ్ళిపోయింది. చివరికి అతను కంగారుపడి కంప్యూటరూ చిన్న బల్లా విసిరితే, వచ్చిన పోలీసులు నిమిషం కూడా గడవకముందే టేజర్ (కరెంటు షాక్ ఇచ్చే తుపాకీ) ప్రయోగించారు. ఒక ప్రయాణికుడు తీసిన వీడియో నవంబరులో బయటికి రాకపోతే పోలీసుల కథే మిగిలేది. డిసెంబరు 10న అధికారులు అంత జాగ్రత్తగా వెనక్కి తగ్గడంలో ఈ చావు పాత్ర ఉందని నేను అనుకుంటాను. ప్రపంచమంతా ఆ టెర్మినల్ వీడియో చూసిన నెలలోపే అక్కడే ఒక మంచం మనిషిని జనంలోంచి లాగడానికి ఎవరికి ధైర్యం చాలుతుంది?

2013 డిసెంబరులో ఒక మెక్సికో మహిళ, హోటల్లో పని చేసుకునే మనిషి, అదే ఎయిర్‌పోర్టులో బోర్డర్ ఏజెన్సీ నిర్బంధ గదిలో ఉరివేసుకుంది, తర్వాత ఆస్పత్రిలో చనిపోయింది. స్కైట్రెయిన్ (ఇక్కడి మెట్రో రైలు) స్టేషన్‌లో టికెట్ దగ్గర పట్టుకున్న ట్రాన్సిట్ పోలీసులు ఆమెని అప్పజెప్పారు. ఆమె చనిపోయిన సంగతి బయటి లోకానికి తెలియడానికే నెల పట్టింది. ఆమె కోసం వ్యాను చుట్టూ ఎవరూ లేరు.

కాబట్టి జనబలం ఉన్నవాడికి ఒక న్యాయం, లేనివాడికి ఒకటి, ఇదేనా నేను సమర్థిస్తున్నది? ఈ ప్రశ్న దగ్గర చాలాకాలం ఆగిపోయాను. నన్ను అక్కడినుంచి కదిలించింది ఒక పాత తీర్పు. 1985 ఏప్రిల్ 4న కెనడా సుప్రీంకోర్టు ఏడుగురి కేసులో తీర్పిచ్చింది, వాళ్ళలో ఎక్కువమంది సిక్కులు, అందరూ తిరస్కరించబడిన శరణార్థులు. అప్పటిదాకా శరణార్థి మొహం చూడకుండానే కాగితాల మీద కొట్టేసేవాళ్ళు. ఈ దేశం నేల మీదున్న ఎవరికైనా రాజ్యాంగ హక్కులున్నాయి, ఎదురుగా కూర్చోబెట్టి వాళ్ళ మాట వినాల్సిందే అని కోర్టు అంది. ఆ ఏడుగురూ లోకకల్యాణం కోసం కోర్టుకెక్కలేదు, తమ మెడ మీద కత్తి తప్పించుకోవడానికి ఎక్కారు. ఇవాళ సూడాన్ నుంచో కొలంబియా నుంచో వచ్చినవాడు బోర్డు ముందు కూర్చుని తన కథ చెప్పుకుంటున్నాడంటే ఆ ఏడుగురి పుణ్యమే. ఏప్రిల్ 4ని ఇక్కడ శరణార్థుల హక్కుల దినంగా జరుపుతారు. తమవాడి కోసం నిలబడటం అక్కడితో ఆగిపోతుందని ముందే తీర్మానించెయ్యక్కర్లేదు. ఆ మెక్సికో మహిళ కోసం తర్వాతైనా జనం కదిలారు, 2015లో ట్రాన్సిట్ పోలీసులు బోర్డర్ ఏజెన్సీతో ఉన్న ఒప్పందాన్ని వదులుకున్నారు. ఆమెకి ఉపయోగపడలేదన్నది నిజం.

మన సంగతి కూడా ఇక్కడే అనేస్తాను. 2019 జనవరిలో అమెరికాలో ఫార్మింగ్టన్ అనే దొంగ యూనివర్సిటీ వల వేసి 129 మంది భారతీయ విద్యార్థుల్ని పట్టుకున్నారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఆ యూనివర్సిటీ నడిపింది అక్కడి ప్రభుత్వమే. మన సంఘాలు లాయర్లని చూశాయి, ఫోన్ నంబర్లు పెట్టాయి, అది చిన్న సాయమేం కాదు. కానీ ఇళ్ళల్లో నడిచిన మాటలు గుర్తున్నాయి నాకు. "తెలిసే చేరారు", "మనందరికీ చెడ్డపేరు", "మన హెచ్1బీల మీద పడుతుంది". గల్ఫ్‌లో కఫీల్‌ని (వీసా ఇచ్చిన యజమానిని) వదిలేసి ఖల్లివెల్లిగా (కాగితాల్లేకుండా) మిగిలిపోయిన కరీంనగర్, నిజామాబాద్ మనుషుల గురించి అమెరికా తెలుగువాళ్ళు మాట్లాడేదీ దాదాపు ఇదే గొంతులో. కాగితాలు సరిగ్గా ఉన్నవాళ్ళం, లేనివాళ్ళని చూసి ముందు భయపడతాం, ఆ భయాన్ని కోపంగా మార్చుకుంటాం. మాకూ ఉంది ఆ భయం, పర్మనెంట్ రెసిడెన్సీ కార్డు చేతికొచ్చేదాకా స్పీడింగ్ టికెట్ వస్తే కూడా గుండె దడదడలాడేది.

ఆ రోజు ఎయిర్‌పోర్టులో ఉన్న ఒక టాక్సీ డ్రైవరు అంకుల్‌తో ఓసారి చాలాసేపు మాట్లాడాను. ఆ మంచం మనిషి కేసు నిజమని మీరు నమ్మారా అని అడిగితే, "నాకేం తెలుసు పుత్తర్" అన్నాడు. మరి ఎందుకెళ్ళారంటే కాస్త విసుక్కున్నాడు. ఒక మనిషిని కుర్చీతో సహా విమానం ఎక్కించి అవతల దింపేస్తే దింపాక ఎవరు పట్టుకుంటారో అడగడానికి వెళ్ళాం, ఆ ఒక్కదానికి వాళ్ళెవరూ జవాబు చెప్పలేదు, అన్నాడు. ఆ తర్వాత ఆయనే, గురుద్వారా రాజకీయాల కోసం వచ్చి ముందు వరసలో నిలబడి ఫొటోలు దిగి పోయినవాళ్ళని నాలుగు తిట్లు తిట్టాడు. వాళ్ళు కూడా ఉన్నారు. ఉంటారు.

వెళ్ళిపోయాడు కదా

"చివరికి ఆయనే వెళ్ళిపోయాడు, మరి ఇంత గొడవ దేనికి" అన్నది ఈ కేసు తెలిసినవాళ్ళు వేసే ఆఖరి బాణం. ఏడాదిన్నర గడపలోపలే ఉండి, ఆస్పత్రికి వెళ్ళాలంటే అరెస్టు భయం, పిల్లలు సముద్రానికి అవతల. ఆ స్థితిలో మనిషి ఇక చాలు అనుకుంటే దాన్ని ప్రభుత్వం గెలిచినట్టు లెక్కేసుకోవడం నాకు నచ్చదు. ఉద్యమం కూడా ఒక ప్రశ్న తనని తాను వేసుకోవాలి. జనం అంత బలంగా నిలబడటం వల్లే ప్రభుత్వానికి పంతం పెరిగిందా? ఇప్పుడు ఒప్పుకుంటే రేపు ఇంకో పదిమంది వస్తారని మంత్రులు బిగుసుకున్నారా? బహుశా అవును. చప్పుడు లేకుండా నడిచిన కేసుల్లో ఒక్కోసారి చప్పుడు లేకుండా సంతకం పడుతుంది. కానీ చప్పుడు చేయకపోతే ఈయన డిసెంబరు 10 సాయంత్రమే విమానంలో ఉండేవాడు. చేతిలో ఉన్న దారి అదొక్కటే అయినప్పుడు అది సరైన దారేనా అని తీరిగ్గా చర్చించే అవకాశం మనలాంటి వాళ్ళకి ఉంటుంది, వాళ్ళకి లేదు.

2008 ఆగస్టు 3న ప్రధాని స్టీఫెన్ హార్పర్ సర్రే బేర్ క్రీక్ పార్కుకి వచ్చి కొమగాటమారు ఓడ ఘటనకి క్షమాపణ చెప్పాడు. 1914లో 376 మంది భారతీయులతో వచ్చిన ఆ ఓడని రెండు నెలలు వాంకూవర్ నీళ్ళలో నిలబెట్టి, ఇరవై నాలుగు మందిని తప్ప ఎవరినీ దిగనివ్వకుండా వెనక్కి పంపారు. తిరిగి వెళ్ళాక కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో వాళ్ళ మీద కాల్పులు జరిగి పలువురు చనిపోయారు. పార్కులో చెప్పిన క్షమాపణ మాకొద్దు, పార్లమెంటులో చెప్పండి అని నిర్వాహకులు అదే వేదిక మీంచి అన్నారు. అది జరగడానికి 2016 మే దాకా, ఇంకో ప్రధాని దాకా ఆగాల్సి వచ్చింది. హార్పర్ ఆ పార్కులో మాట్లాడుతున్నప్పుడు ఈ మనిషి ఇంకా ఆశ్రయంలోనే ఉన్నాడు, అదే హార్పర్ ప్రభుత్వం అమలు చెయ్యాలని చూసిన బహిష్కరణ ఉత్తర్వుతో. ఆ మంత్రివర్గంలో ఒక్కరికైనా ఇది తోచలేదా అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. తోచే ఉంటుంది. 1914లో జరిగినదానికి ఓట్లు పోవు.

నాలుగేళ్ళకి, 2012లో, అప్పీలు విభాగం వచ్చింది. 2018లో వైద్య ఖర్చు 'మితిమీరిన భారం' అనే పరిమితిని మూడు రెట్లు పెంచారు, వికలాంగుల విషయంలో పాత నియమం అన్యాయంగా ఉందని ప్రభుత్వమే ఒప్పుకుంది. రెండూ ఆయన వెళ్ళిపోయాక. ఆ డిసెంబరులో వ్యాను చుట్టూ నిలబడ్డవాళ్ళు ఈ సెక్షన్లేవీ చదువుకుని రాలేదు, చాలామందికి ఇంగ్లీషే అంతంతమాత్రం. ఎక్కడ తప్పు జరుగుతోందో మాత్రం ఒట్టావా కంటే ముందే పట్టుకున్నారు.